చుక్కల గిటారు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను. వాక్యం నీ మాట వింటోంది, అందుకు సంతోషం. కానీ నాలుగు పేజీల వ్యాసంలో పాట మొదలైంది మూడో పేజీలో. అందాకా పత్తి చేలు, బానిసత్వం, కన్నీళ్లు. 'వేదన' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను, ఏమీ అనుకోకు. ఆ చరిత్ర నిజమే. అయితే అమెరికా నల్లవారి సంగీతమైన బ్లూస్‌లో 2025లో వచ్చిన రెండు ఆల్బమ్‌ల గురించి చెప్పమంటే అంతా చరిత్రే చెబితే, పెళ్లికి పిలిచి ప్రవర చదివి భోజనం పెట్టకుండా పంపేసినట్టు ఉంటుంది.

ఇక అసలు తగాదా. ఆ ఆల్బమ్‌లు చేసిన ఇద్దరు గిటారు గాయకుల్లో బడ్డీ గైని మర్రిచెట్టు అన్నావు, కింగ్‌ఫిష్‌ని లేత మొలక అన్నావు. అక్కడితో ఇద్దరి గురించీ ఆలోచించడం ఆపేశావు. పెద్దాయనకు దండం పెట్టావు, చిన్నవాడి వీపు తట్టావు. ఎవరి పాటనూ సరిగ్గా వినలేదు.

బడ్డీ గై 1936 జూలై 30న లూయిజియానాలోని లెట్స్‌వర్త్‌లో పుట్టాడు, 1957లో షికాగో చేరాడు. తన ఎనభై తొమ్మిదో పుట్టినరోజునాడే 'ఎయింట్ డన్ విత్ ద బ్లూస్' విడుదల చేశాడు. క్రిస్టోన్ 'కింగ్‌ఫిష్' ఇంగ్రామ్ 1999లో మిసిసిపీ డెల్టాలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు, ఆ ఊరి బ్లూస్ మ్యూజియం నడిపే తరగతుల్లో వాద్యం నేర్చాడు. అతని 'హార్డ్ రోడ్' కూడా అదే ఏడాది, సొంత సంస్థ నుంచి వచ్చింది. ఇవన్నీ నువ్వూ రాశావు. రాయనిది ఒకటుంది. 2019లో ఆ కుర్రవాడి తొలి ఆల్బమ్‌లో ఒక పాటకు ఈ పెద్దాయన అతిథిగా వచ్చాడు. ఆరేళ్ల తర్వాత పెద్దాయన ఆల్బమ్‌కు ఆ కుర్రవాడు అతిథిగా వెళ్లాడు. కుర్రవాడి మొదటి రెండు ఆల్బమ్‌లకూ, పెద్దాయన ఈ ఆల్బమ్‌కూ నిర్మాత ఒక్కడే, టామ్ హేంబ్రిడ్జ్. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే ఇలాంటి పేర్లు చదవడం అలవాటు చేసుకో. వాటిని పట్టుకుంటే, ఇద్దరి ధ్వనిలో ఉన్న పోలిక ఎంతవరకు వాళ్లది, ఎంతవరకు ఆ స్టూడియోది అన్న ప్రశ్న నీకే పుడుతుంది. ఆ ప్రశ్నతో మొదలుపెట్టి ఉంటే నీ మర్రిచెట్టు అవసరం పడేది కాదు.

కొత్తవాడు అంటే కొత్త సంగీతం అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలోని జార్జియాకు చెందిన బ్లూస్ గాయకుడు జోంటేవియస్ విల్లిస్ బడ్డీ గై కన్నా అరవై ఏళ్లు చిన్న. 2024లో అతని 'వెస్ట్ జార్జియా బ్లూస్' వచ్చింది. అతను పట్టుకున్న పద్ధతి మాత్రం పల్లె బ్లూస్‌ది, షికాగో ఎలక్ట్రిక్ గిటార్ల కన్నా ముందుది. ఇప్పుడు చెప్పు, వీళ్లలో పాతవాడెవరు?

ఏం వినాలి అని అడిగావు కదా. గాంధారం, అంటే సరిగమల్లో 'గ', విను. బ్లూస్ గాయకుడి గాంధారం మన 'సాధారణ గాంధారం' అనే కింది 'గ' కాదు, 'అంతర గాంధారం' అనే పై 'గ' కూడా కాదు; రెంటి మధ్య ఎక్కడో ఊగుతుంది. వీణ మీద తంత్రిని పక్కకు లాగి గమకం పలికించినట్టే వీళ్లూ గిటారు తీగను లాగుతారు. పోలిక అక్కడితో ఆపెయ్యి. మన శ్రుతిలో లేనిది అక్కడ ఒకటుంది: కింద వాయిద్యాలు అంతర గాంధారం ఉన్న స్వరాల గుంపును మోగిస్తుంటే పైన గొంతు దాన్ని కిందికి గుంజుతుంది. ఆ పేచీలోనే రుచి. తర్వాత ఖాళీలు విను. పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల్లాంటివి) చట్రంలో ఒక పాదం పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పాదంలో జవాబు చెబుతారు. పాదం అయ్యాక మిగిలే చోట గిటారు మాట్లాడుతుంది. ఎవరు ఆ చోటంతా నింపేస్తారు, ఎవరు వదిలేస్తారు అన్నది రాస్తే సగం సమీక్ష అయిపోయినట్టే.

తెలుగు పాఠకుడికి దగ్గర చేయాలని ఆత్రపడుతున్నావు. గోటువాద్యం చాలు. 1995లో తాజ్ మహల్ అనే బ్లూస్ కళాకారుడు విశ్వమోహన్ భట్ మోహనవీణతోనూ రవికిరణ్ చిత్రవీణతోనూ (గోటువాద్యానికే మరో పేరు) కలిసి 'ముంతాజ్ మహల్' అనే ఆల్బమ్ చేశాడు. బ్లూస్ గిటారు తీగ మీద జారే గాజుగొట్టానికీ గోటువాద్యపు దిమ్మకూ ఉన్న చుట్టరికం చెవికి తెలుస్తుంది, మనం కల్పించనక్కరలేదు.

నీ వయసులో నేనూ ఒక వెధవపని చేశాను. పాతతరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ నాలుగు దారుల కూడలిలో దెయ్యానికి ఆత్మను అమ్మి వాద్యం నేర్చుకున్నాడన్న కథను రెండు కాలమ్‌లు సాగదీశాను. అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. చాలా ఏళ్లకు గానీ ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారు గురువు పేరు వినలేదు. జాన్సన్ ఆయన దగ్గర కూర్చుని సాధన చేశాడు, రాత్రిళ్లు శ్మశానంలో కూడా. 1936, 37 సంవత్సరాల్లో ఇరవై తొమ్మిది పాటలు రికార్డు చేసి ఇరవై ఏడేళ్లకే పోయిన మనిషి కష్టాన్ని నేను దెయ్యానికి కట్టబెట్టాను. ఇప్పటికీ ఆ కాగితం చూస్తే చెవులు వేడెక్కుతాయి.

'వేదన' దగ్గరికే మళ్లీ వస్తున్నాను. ఈ పాటలు శనివారం రాత్రి జూక్ జాయింట్లనే తాగుడు, ఆటపాటల కొట్లలో, తాగి చిందులేసే జనం మధ్య పెరిగాయి. బ్లూస్ గాయకుడు బాబీ రష్ పాటల్లో కొంటెతనం వినకుండా బ్లూస్ అంటే ఏడుపు అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. వారమంతా చేను, శనివారం చిందు. నువ్వు చేను ఒక్కటే రాశావు.

ఇక బడ్డీ గై చుక్కల గిటారు. షికాగో వెళ్లేటప్పుడు, జబ్బుపడిన తల్లికి ఆయన ఒక అబద్ధం చెప్పాడట: డబ్బు సంపాదించి చుక్కల కాడిలాక్ కారులో తిరిగి వస్తానని. ఆ కారు రాలేదు. ఆ చుక్కలు గిటారు మీదికి వచ్చాయి. నీ వ్యాసంలో అది 'ఆకర్షణీయమైన చుక్కల గిటారు'. 'ఆకర్షణీయమైన' కొట్టేశాను, గిటారు ఉంచాను.

తిరగరాసి పంపు. ఈసారి రెండు పేజీలు చాలు.