నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ ముక్కులో నూనె వేయొచ్చా?

ప్రశ్న: నాకు కాన్పయి నెలా పది రోజులైంది, పుట్టింట్లో ఉన్నాను. బాబుకి నీళ్ళు పోయడానికి ఊళ్ళో పెద్దావిడ వస్తారు. ఒళ్ళంతా నూనె రాసి చక్కగానే పోస్తారు కానీ, చివర్లో ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేసి ముక్కులోకి నోటితో ఊదుతారు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. వాడు ఉక్కిరిబిక్కిరై ఏడుస్తుంటే నాకు టెన్షన్. ఎండలకి నోరు ఆరిపోతుందని అమ్మేమో మధ్యమధ్యలో చెంచాడు నీళ్ళు పడుతుంది, తేనె నాకిస్తుంది. వద్దంటే 'నిన్ను ఇలాగే పెంచాను' అంటుంది. ఏం చేయను?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: రేపటి స్నానం నుంచే ముక్కులో నూనె ఆపించండమ్మా. నీళ్ళు పొరపోతే బిడ్డ దగ్గి బయటికి తోసేస్తాడు, నూనెకి ఆ దగ్గు కూడా సరిగా రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. పిల్లల వార్డులో పనిచేసే మేము దీనికి ఇంతగా భయపడేది అందుకే. నోటితో ఊదితే ఊదినవాళ్ళ జలుబు బిడ్డకి అంటుకుంటుంది. చెవుల్లోనూ ఏమీ వేయొద్దు. ముక్కు దిబ్బడతో పాలు తాగలేకపోతే డాక్టర్ని అడిగి సెలైన్ చుక్కలు వాడండి.

నీళ్ళు పోయించడం మాత్రం మానకండి. కొబ్బరి నూనెతో మెల్లగా ఒళ్ళు రుద్దడం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని గోరువెచ్చటి నీళ్ళు పోయడం మంచివే, మొహం మీద ధార పడకుండా చూస్తే చాలు. కొన్నిచోట్ల పసిపిల్లల రొమ్ములు వాచి ఉంటే వాటిలోంచి పాలు పిండుతారు, అది అస్సలు చేయనివ్వొద్దు, చీము పడుతుంది. ఆ వాపు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, దానంతటదే తగ్గుతుంది. సాంబ్రాణి కూడా వద్దు, తల మెత్తటి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతుంది కదా!

తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే. అందుకే 6 నెలలు నిండేదాకా, ఎంత ఎండల్లోనైనా, విడిగా నీళ్ళు పట్టక్కర్లేదు. నీళ్ళతో పొట్ట నిండితే పాలు తగ్గించేస్తాడు. మీరు నీళ్ళు, మజ్జిగ బాగా తాగుతూ వాడికి ఇంకా ఎక్కువసార్లు పాలివ్వండి. రోజుకి ఆరుసార్లయినా ఒంటికి పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. తేనె ఏడాది నిండేవరకు నాలుకకి రాయడం కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసివాళ్ళ పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది, ఒళ్ళు వాలిపోయి ఊపిరికే ప్రమాదం రావచ్చు. అరుదే కానీ, ఒక్క చుక్క తేనె కోసం అంత ముప్పు ఎందుకు?

అమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఆరు వారాల టీకాకి ఎలాగూ వెళ్ళాలి, ఆవిడనీ వెంట తీసుకెళ్ళి ఈ ప్రశ్నలన్నీ ఆవిడ ముందే ఏఎన్ఎమ్ గారిని అడగండి. 42వ రోజుకి ఆశా కార్యకర్త ఇంటికొస్తే ఆమెతోనూ చెప్పించండి. కూతురు చెబితే నొచ్చుకునే మాట నర్సు చెబితే వింటారు, నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఇన్నాళ్ళూ నూనె వేశారు కాబట్టి బాబు ఊపిరి గమనించండి. నిద్రపోతున్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 60 అంతకన్నా ఎక్కువ ఉంటే మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, అప్పుడూ అంతే ఉంటే ఆలస్యం చేయొద్దు. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా అంతే, ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకుండా వెంటనే పిల్లల ఆస్పత్రికి వెళ్ళండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా పాపకి మూడో నెల. తల ఒకవైపు చదునవుతోందని అత్తగారు ఆవాల దిండు కుట్టారు. పెట్టొచ్చా?
- ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: వద్దమ్మా. ఏడాది లోపు బిడ్డకి ఏ దిండూ వద్దు, అందులో మొహం కూరుకుపోతే ఊపిరాడదు. నిద్రలో వెల్లకిలానే పడుకోబెట్టండి, తల ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకి తిప్పండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుటే కాసేపు బోర్లా వేయండి, మెడ కూడా గట్టిపడుతుంది. చాలామందికి పెరిగేకొద్దీ తల గుండ్రంగా సర్దుకుంటుంది. పాప మెడ ఎప్పుడూ ఒకవైపే తిప్పుతుంటే మాత్రం డాక్టరుకి చూపించండి.