అమెరికా చైనీస్ రెస్టారెంట్‌లో గోబీ మంచూరియా అడిగాను

"అమెరికాలో చైనీస్ రెస్టారెంట్లలో పెట్టేది అసలు చైనా తిండేనా, మన మంచూరియా అక్కడ ఎందుకు ఉండదు" అని అడిగారు కదండీ, ఈ రెండో ప్రశ్న నేను ఒహాయోలో ఒక కౌంటర్ దగ్గర నిలబడి అడిగినవాణ్ణే. ఎమ్మెస్‌కి వెళ్లిన మొదటి నెల. గోబీ మంచూరియా ఉందా అంటే అక్కడున్న ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, మెనూలో జనరల్ ట్సోస్ చికెన్ ఫోటో మీద వేలు పెట్టింది. రూముకి తెచ్చుకుని తింటే చికెన్ పకోడీని బెల్లం పాకంలో ముంచినట్టుంది, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి చల్లుకుని ఎలాగో అయిందనిపించాం.

మంచూరియా అక్కడ లేకపోవడంలో వింతేం లేదు, అది చైనాది కాదు, ఇండియాలో పుట్టిందే. కలకత్తా చైనీస్ కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1970ల్లో బొంబాయిలో మొదలుపెట్టాడంటారు.

జనరల్ ట్సో సంగతి ఇంకా తమాషా. మా ల్యాబ్‌లో చైనాలోని చెంగ్డూ నగరం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడుండేవాడు, ఆ పేరు అమెరికా వచ్చాకే విన్నానన్నాడు. ఆ జనరల్ పందొమ్మిదో శతాబ్దంలో చైనాలోని హూనాన్ ప్రాంతపు మనిషి, ఈ కూర మొహం కూడా చూసి ఉండడు. దీన్ని 1950ల్లో తైవాన్‌లో వండింది పెంగ్ చాంగ్-కుయే అనే వంటాయన. ఆయన చేసినదాంట్లో తీపి లేదు, పాకం పట్టించింది న్యూయార్క్ వాళ్లు.

అలాగని ఇదంతా నకిలీ తిండి అంటే నేను ఒప్పుకోను. 1849 ప్రాంతంలో బంగారం కోసం కాలిఫోర్నియా వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పల్లెల వాళ్లు, వాళ్లలో చాలామంది వంటవాళ్లేం కాదు. 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేశారు, అప్పటికే ఉన్నవాళ్లకి మంచి ఉద్యోగాలు ఎవరిస్తారు, బట్టలుతకడం, వంట చేయడం, దాదాపు అంతే. 1915లో ఒక కోర్టు తీర్పుతో రెస్టారెంట్ యజమానులు కూడా ఆ నిషేధం వర్తించని వ్యాపారుల లెక్కలోకి వచ్చారు, అంటే ఊరికి వెళ్లి రావచ్చు, ఇంటివాళ్లని తెచ్చుకోవచ్చు. ఇంకేం, చందాలేసుకుని మరీ హోటళ్లు పెట్టారు. తినేవాళ్లు తెల్లవాళ్లు కాబట్టి చాప్ స్యూయీ (మాంసం, కూరముక్కలు కలిపి వేయించే వంటకం), తియ్యటి సాస్, బ్రోకలీ. 1943లో ఆ 1882 చట్టం తీసేశారు గానీ చైనావాళ్లకి వలస కోటా ఏడాదికి 105 మందే! 1965 వలస చట్టంతో తలుపులు సరిగ్గా తెరుచుకున్నాయి, మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లిందీ దాని తర్వాతే. సిచువాన్, హూనాన్ వంటలు బాగా కనబడటం కూడా అప్పటినుంచే. చివర్లో ఇచ్చే ఫార్చ్యూన్ కుకీ అయితే అసలు జపాన్ వాళ్లది.

మీరు వెళితే చైనీస్ భాషలో ఉన్న మెనూ వేరే ఉందేమో అడగండి. ఆ చెంగ్డూ అబ్బాయి నన్ను అదే రెస్టారెంట్‌కి తీసుకెళ్లి వాళ్ల భాషలో రెండు ముక్కలు మాట్లాడగానే, అదే ఆంటీ కౌంటర్ కింద నుంచి ఇంకో మెనూ తీసింది. ఆ రోజు తిన్న మాపో టోఫుకి (సోయా పనీర్‌తో చేసే ఘాటైన సిచువాన్ కూర) నాలుక తిమ్మిరెక్కింది, కారప్పొడి అవసరమే రాలేదు. శాకాహారులైతే జాగ్రత్త, అందులో మామూలుగా కీమా వేస్తారు, ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు ఉంటుంది, ముందే చెప్పాలి. మంచూరియానే కావాలంటే మాత్రం ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్లండి.