షోరూంలో కారణం చెప్పకుండా మానిపించేశారు, మా అమ్మాయి ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా అమ్మాయి బీకాం అయ్యాక జూలై మొదట్లో విజయనగరంలో ఒక బట్టల షోరూంలో సేల్స్‌లో చేరింది. జనవరి ఆఖర్లో ‘రేపట్నుంచి రావద్దు’ అన్నారట. ఎందుకో చెప్పలేదట. ‘ఏటి చేసేవే’ అని ఎంత నిలదీసినా ఏడుస్తోంది తప్ప చెప్పట్లేదు. పదిమందికి ఏం చెప్పుకోవాలి? మళ్ళీ షాపులోనే పెట్టాలా, విశాఖలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పించాలా?

జవాబు: అయ్యా, తనకే చెప్పని కారణం మీకెలా చెబుతుంది? పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి, ఒక్క బేరానికి ఇరవై చీరలు విప్పి చూపించి, వాళ్ళు ఏమీ కొనకుండా వెళ్ళిపోతే మళ్ళీ మడత చెడకుండా పేర్చిన పిల్ల ఇంటికొస్తే, ముద్దాయిని అడిగినట్టు అడిగారు. ముందు అది ఆపండి. కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

మీ బెంగ కోర్సు గురించి కాదు, పిల్ల మీద దొంగతనం లాంటి మచ్చేమైనా పడిందేమోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి వస్తూనే ఉంటాయి. బట్టల షాపులు ఆషాఢం సేల్‌కి మనుషుల్ని చేర్చుకుంటాయి. దసరా, పైడితల్లమ్మ సిరిమాను, దీపావళి, సంక్రాంతి దాకా తీరిక ఉండదు. పండగ దాటగానే బేరాలు పల్చబడతాయి, కొత్తగా చేరినవాళ్ళనే ముందు తీసేస్తారు. నిజంగా సరుకు లెక్కలో షార్టేజీ, అంటే తరుగు, వచ్చి ఆమె మీద అనుమానం ఉంటే నిలబెట్టి అడిగేవారు, సంజాయిషీ రాయించుకునేవారు. అవేవీ జరగలేదంటే ఎక్కువగా ఇది సీజన్ కోతే. మీ వీధిలో ఎవరైనా అడిగితే ‘పండగ సీజన్ అయ్యాక ఆపేశారు’ అనండి, అక్కడితో వదిలెయ్యండి.

ఇక ఆమె చేతిలో ఉన్నది చూద్దాం. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తియ్యకూడదు, తీస్తే నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా నెల జీతమివ్వాలి. జూలై మొదట్లో చేరింది కాబట్టి ఆరు నెలలు దాటాయి. కొన్ని షాపులు ఆ గడువు రాకముందే మానిపించేస్తాయి, అందుకే చేరిన తేదీకి రుజువు ముఖ్యం. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వకపోయినా మొదటి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, డ్యూటీ వేసిన వాట్సాప్ మెసేజీలు పనికొస్తాయి. పనిచేసిన రోజుల జీతాన్ని, పనిలోంచి తీసేశాక రెండు పనిదినాల్లో ఇవ్వాలి. సరుకు తగ్గిందని సంజాయిషీ అడక్కుండా జీతంలో కోసుకోవడం కుదరదు.

ఒక్క జాగ్రత్త. ‘రాజీనామా రాసిస్తేనే పనిచేసినట్టు సర్వీస్ సర్టిఫికెట్’ అని పిలవచ్చు. రాయొద్దు. తనంతట తనే మానేసినట్టయిపోతుంది, నోటీసు జీతం ఊసే ఉండదు. తెల్లకాగితం మీద సంతకం అసలు వద్దు.

మేనేజర్‌కి ఆమె ఫోన్ నుంచి ఇలా పంపించండి: ‘సార్, ఫలానా తేదీన నన్ను రావద్దన్నారు. కారణం, నాకు రావాల్సిన జీతం, నోటీసు జీతం, సర్వీస్ సర్టిఫికెట్ గురించి రాతలో తెలియజేయగలరు.’ అంతే. తిట్లూ వద్దు, బతిమాలడమూ వద్దు.

కోర్సు సంగతి. డిజిటల్ మార్కెటింగ్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. విశాఖ ద్వారకానగర్‌లో ఏ మెట్లెక్కినా ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ బోర్డే. నా దగ్గరికి తిరిగొచ్చిన పిల్లల్లో చాలామందికి దొరికింది ఫోన్లు చేసి అదే కోర్సు మరొకరికి అమ్మే పని. పోస్టర్ తయారుచెయ్యడం, నాలుగు లైన్లు రాయడం ఇప్పుడు ఏఐ క్షణాల్లో చేసేస్తోంది. ఆ పనిలో నిలిచేది అమ్మకం తెలిసినవాళ్ళు. కొనేవాళ్ళు ఏ ధర దగ్గర వెనక్కి తగ్గుతారో మీ అమ్మాయి రోజూ కళ్ళారా చూసింది, ఆ కోర్సులో చెప్పేవాళ్ళలో ఎందరు చూశారు? అప్పుచేసి ఫీజు కట్టొద్దు. కట్టితీరాలనుకుంటే కిందటి బ్యాచ్ పిల్లలు ముగ్గురి ఆఫర్ లెటర్లు, వాళ్ళ పీఎఫ్ వివరాలు చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చెయ్యండి.

షాపా, కోర్సా అని పోల్చమన్నారు. నా ఓటు షాపుకే, కానీ సేల్స్ కౌంటర్‌కి కాదు. బీకాం ఉంది కదా, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, జీఎస్టీ బిల్లింగ్ నేర్చుకుంటే స్టాకు, అకౌంట్ల వైపు వెళ్ళొచ్చు. విజయనగరంలోనే నేర్పేవాళ్ళున్నారు. పీఎఫ్ నంబరు మాత్రం పాతదే కొత్త యజమానికివ్వాలి. ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావంటే ‘మానలేదండీ, సంక్రాంతి అయ్యాక రావద్దన్నారు, కారణం అడిగి మెసేజ్ పెట్టాను’ అని ఉన్నదున్నట్టు చెబితే చాలు.

మెసేజ్ ఈ రాత్రికే పెట్టించండి. వారంలో జవాబు రాకపోతే ఆ కాగితాలన్నీ పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి ఇద్దరూ వెళ్ళండి. అక్కడ మాట్లాడాల్సింది ఆమె. మీరు పక్కన కూర్చుంటే చాలు.