పక్క చేను టమాటా మీ క్రేటులోకి వస్తే...

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మాకు రెండెకరాల కూరగాయల తోట ఉంది. నాలుగేళ్లుగా జీవామృతం, వేప కషాయంతోనే పండిస్తున్నాం. ప్రతి ఆదివారం హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ ముందు ‘100 శాతం ఆర్గానిక్’ అని బ్యానర్ కట్టి అమ్ముతాం. సరుకు చాలని రోజు పక్క రైతుల దగ్గర కొని కలుపుతాం. మొన్న ఒకాయన ‘సర్టిఫికెట్ ఏదీ? ఫుడ్ సేఫ్టీ వాళ్లకు కంప్లైంట్ ఇస్తా’ అన్నారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది. అది చాలదా?

జవాబు: చాలదు. ఆ రిజిస్ట్రేషన్ మీరు తిండి వస్తువుల వ్యాపారం చేస్తున్నారని చెబుతుందే తప్ప, మీ బీరకాయకు మందు కొట్టారో లేదో చెప్పదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఆ నంబరును బ్యానర్ మీద పెద్దక్షరాలతో రాయించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

అయినా కంగారు పడకండి. సేంద్రియ ఆహారం మీద 2017 నాటి నిబంధనల ప్రకారం ‘ఆర్గానిక్’ అని అమ్మాలంటే ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) లేదా పీజీఎస్-ఇండియా (రైతులే గ్రూపు కట్టి ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) ధ్రువీకరణ కావాలి. కానీ ఏడాది అమ్మకాలు 12 లక్షలు దాటని చిన్న రైతు తన పంటను తానే నేరుగా తినేవాళ్లకు అమ్ముకుంటే మినహాయింపు ఉంది. ధ్రువీకరించిన సేంద్రియ ఆహారం మీద వేసే ‘జైవిక్ భారత్’ లోగో మాత్రం వాడకూడదు.

మీ చిక్కు పక్క రైతుల సరుకుతోనే. ఆ టమాటా మీరు పండించింది కాదు. దాన్ని క్రేటులో కలిపిన పూట, ఆ టమాటా వరకు మీరు రైతు కాదు, వ్యాపారి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 రైతుకిచ్చిన వెసులుబాటు కొని అమ్మేవాళ్లకు వర్తించదు. పైగా ఆ చేలో ఏం చల్లారో మీకేం తెలుసు? ధ్రువీకరణకు మినహాయింపు ఉంది కానీ అబద్ధానికి లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు సెక్షన్ 53 కింద 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఈ ఆదివారం నుంచే కొన్న సరుకును వేరే బల్ల మీద, ఆర్గానిక్ అనే మాట లేకుండా పెట్టండి. ఆ ‘100 శాతం’ కూడా తీసేయండి. సేంద్రియ కూరగాయల్లో పురుగుమందు అవశేషం మామూలు పరిమితిలో 5 శాతానికి మించకూడదన్నది ప్రమాణం. అరువు తెచ్చిన స్ప్రేయర్ ట్యాంకు అడుగున మిగిలిన మందు చాలు, లెక్క తప్పడానికి.

ఆ పక్క రైతులు నిజంగానే మందులు మానేసి ఉంటే వాళ్లతోనే పీజీఎస్ గ్రూపు కట్టండి. కనీసం ఐదుగురు కావాలి. ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుని సంతకాలు పెడతారు. రసాయన సాగు నుంచి సేంద్రియానికి మారే దశలో ‘గ్రీన్’, అది పూర్తయ్యాక ‘ఆర్గానిక్’ సర్టిఫికెట్ వస్తుంది. ఎప్పుడు ఏం చల్లారో నోటుబుక్కులో తేదీలతో రాసుకోండి. వేప పిండి కొన్న బిల్లు కూడా పారేయకండి.

కంప్లైంట్ మీద అధికారి వస్తే గొడవ పడొద్దు. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. నాలుగో భాగాన్ని గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపమని అక్కడికక్కడే రాసివ్వండి. ఖర్చు మీదే. రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు 30 రోజుల గడువుంటుంది, రిపోర్టు వచ్చిన కవరు చించిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి.