ముల్లు 58 దగ్గరే ఆగిపోతే

సిగార్లు దాచే మీ పెట్టెలో (హ్యూమిడార్) వారం నుంచి 72 ప్యాకెట్, అంటే తేమను 72 శాతం దగ్గర ఉంచే ప్యాకెట్, పెట్టినా తేమ మీటర్ ముల్లు 58 దాటట్లేదన్నారు కదా, ప్యాకెట్‌ను తిట్టుకోకండి. చికాగో చలికాలం, ఇంట్లో రోజంతా హీటర్, పైగా కొత్త పెట్టె. లోపలి స్పానిష్ సెడార్ చెక్క ఎండిపోయి ఉంటుంది. మీరిచ్చే తేమను ముందు అదే తాగేస్తుంది, మిగిలితేనే సిగార్లకు.

అయినా ముందు మీటర్‌నే అనుమానించండి. పెట్టెతో వచ్చే ముల్లు మీటర్లు చాలావరకు అలంకారానికే. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ముద్ద అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు వేయండి. దాన్ని మీటర్‌తో కలిపి జిప్ కవర్లో గాలి చొరకుండా మూసి ఒక రోజు వదిలేయండి. 75 చూపించాలి. 69 చూపిస్తే మీటర్ ఆరు తక్కువ చెబుతోందన్నమాట. అప్పుడు మీ 58 నిజానికి 64, కంగారుపడేంత ఏమీ లేదు.

మీటర్ సరిగానే ఉంటే సిగార్లను ఆ 72 ప్యాకెట్‌తో సహా బిగువైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. ఖాళీ పెట్టెలో 84 శాతం తేమ ఇచ్చే 60 గ్రాముల ప్యాకెట్లు రెండు వేసి (యాభై సిగార్లు పట్టే సైజుకి సరిపోతాయి) 14 రోజులు మూత తెరవకండి. తడిగుడ్డతో చెక్క తుడిచే పాత పద్ధతి మాత్రం వద్దు. నేనలా తుడిస్తే లోపలి పలక ఉబ్బిపోయి మూత సరిగా పడటం మానేసింది.

ఆ తర్వాత సిగార్లు, 72 ప్యాకెట్ తిరిగి పెట్టెలో పెట్టాక కూడా ముల్లు దిగుతుంటే మూత దగ్గర సందు ఉన్నట్టే. ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి, గది చీకటి చేసి మూత చుట్టూ చూడండి.