కిటికీకి రెండో రెక్క ఏది?

ప్రశ్న: మాస్టారూ! స్పెయిన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు మాడ్రిడ్‌లోని రీనా సోఫియా మ్యూజియంలో డాలీ వేసిన ‘కిటికీ దగ్గర అమ్మాయి’ చూశాం. కరిగిపోయే గడియారాలు వేసినాయన ఇదేం వేశాడు అనిపించింది. అమ్మాయి మొహం కనపడదు, సముద్రమూ పూర్తిగా కనపడదు. ఇందులో ఏం చూడాలి? ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్న మా మనవరాలు దీన్ని కాపీ చేస్తానంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు కుడివైపు కిటికీ రెక్క చూడండమ్మా. అది గదిలోకి తెరిచి ఉంది. దాని అద్దాల్లో నీళ్లు, ఒడ్డు మెరుస్తున్నాయి. అమ్మాయి అడ్డుపడి మనకు తగ్గిన సముద్రాన్ని డాలీ అక్కడ కొంత చూపించాడు. ఇప్పుడు ఎడమవైపు చూడండి. అక్కడ రెక్కే లేదు! అదీ ఉండి ఉంటే అమ్మాయి రెండు రెక్కల మధ్య ఇరుక్కున్నట్టు ఉండేది. తీసేశాడు కాబట్టి గాలి ఆడుతోంది. చూసేవాళ్లలో చాలామందికి అది లేదని తట్టదు కూడా. ఈ కుర్రాడి పనితనం అదే.

అవును, కుర్రాడే. 1925లో దీన్ని వేసేనాటికి డాలీకి 21 ఏళ్లు. కిటికీ దగ్గరున్నది చెల్లెలు ఆనా మరియా, 17 ఏళ్ల పిల్ల. ఆ ఏడాది నవంబరులో బార్సిలోనాలోని డాల్మావు గ్యాలరీలో ఆయన మొదటి సొంత ప్రదర్శన జరిగింది. తర్వాత భార్య అయిన గాలా 1929లో పరిచయమయ్యేదాకా ఆయన ఎక్కువగా చెల్లెలినే కూర్చోబెట్టో నిలబెట్టో బొమ్మలు వేసేవాడు.

ఊరు కడాకెస్. కటలోనియాలో, ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గర్లో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న జాలరుల ఊరు. వెనక కొండలు, ముందు చిన్న అఖాతం. డాలీ వాళ్ల నాన్న ఫిగెరెస్‌లో నోటరీ. వేసవి వస్తే కుటుంబమంతా కడాకెస్‌లో ఒడ్డునే ఉన్న ఇంటికి వచ్చేసేవారు. అంటే ఆనా మరియా చూస్తున్నది చిన్నప్పటి నుంచీ ఎరిగిన నీళ్లే. ఆమె నిలబడిన తీరులో అది తెలుస్తుంది. మోచేతులు గట్టు మీద ఆన్చింది, బరువు ఒక కాలి మీద వేసింది. ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రెడ్రిక్ 1822లో తన భార్యను ఇలాగే వెనకనుంచి, కిటికీ దగ్గర వేశాడు. అక్కడ గదిలో చీకటి, తెరిచి ఉన్నది చిన్న తలుపు, బయట ఓడ కొయ్యలు. ఆమెకి బయటికి వెళ్లిపోవాలని ఉందేమో అనిపిస్తుంది. ఆనా మరియాకి ఆ బెంగ లేదు. హాయిగా ఉన్న మనిషిని వీపుతోనే చూపించడం చాలా కష్టం. మొహం ఉంటే ఒక చిన్న నవ్వుతో పని జరిగిపోయేది. నాకు గడియారాల బొమ్మ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

ఆ గడియారాలు కూడా ఇక్కడివే అనుకోండి. 1931 నాటి ఆ బొమ్మలో వెనక కనిపించే రాళ్లు కడాకెస్ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన క్రెయూస్ అగ్రానివి. అది 24 సెంటీమీటర్ల ఎత్తే, నోటుపుస్తకమంత. ఇదేమో 105 సెంటీమీటర్లు.

ఇక మనవరాలి సంగతి. కాన్వాసే కావాలని లేదు. డాలీ దీన్ని కాగితపు గుజ్జుతో చేసిన అట్ట మీద వేశాడు. హార్డ్‌బోర్డుకి ప్రైమర్ పూస్తే చాలు. నల్ల ట్యూబు పక్కన పెట్టేయమనండి. నీడలన్నీ నీలంలో కాస్త ఎరుపు, తెలుపు కలిపి, ఊదా వైపు తీసుకెళ్లాలి. గౌను, తెరలు, కిటికీ చెక్క, నీళ్లు అన్నీ ఒకే నీలం కుటుంబం. వాటి మధ్య తేడా రంగులో తక్కువ, వెలుతురులో ఎక్కువ. ముందు కిటికీ చట్రం గీతలు, తర్వాత అమ్మాయి ఆకారం మొత్తం. ఉంగరాల జుట్టు ఆఖర్న. పిల్లలు దాంతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

అంతకంటే ముందు తననే మీ ఇంట్లో కిటికీ దగ్గర అలా నిలబడమని, వెనకనుంచి ఫోటో తీయండి. బరువు పడిన కాలివైపు తుంటి ఎంత పైకి లేచిందో, రెండో మోకాలు ఎంత వంగిందో అందులో చూసి గీయాలి. అది పెన్సిల్‌తో కుదిరాకే రంగుల పెట్టె తెరవమనండి.