లోన్ యాప్ బాకీకి జీతమంతా జప్తు చేయగలరా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. నెల జీతం 28,000 రూపాయలు. జీతం రాగానే తీర్చేద్దామని లోన్ యాప్ ద్వారా 20,000 రూపాయలు తీసుకుని, కట్టలేకపోయాను. మా హెచ్ఆర్‌కు నోటీసు పంపి జీతం మొత్తం ఆపిస్తామని రికవరీ ఏజెంట్ బెదిరిస్తున్నాడు. వాళ్లకు ఆ హక్కు ఉందా?

జవాబు: లేదు. ఇటువంటి అప్పుకు జీతం జప్తు కావాలంటే, సాధారణంగా అప్పిచ్చిన సంస్థ ముందుగా సివిల్ కోర్టులో దావా వేసి, మీకు సమన్లు అందించి, మీ వాదన వినిపించే అవకాశమిచ్చిన కోర్టు నుంచి డిక్రీ (బాకీ కట్టాలనే తీర్పు) పొంది, ఆపైన దాన్ని అమలు చేయమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ దాఖలు చేయాలి. ప్రైవేటు ఉద్యోగి విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 48ఏ కింద జప్తు ఉత్తర్వు కోర్టు నుంచే మీ కంపెనీకి వస్తుంది. ఏజెంటు మెయిల్‌లో పంపిన కాగితం, దాని మీద ఎన్ని ముద్రలున్నా, కోర్టు ఉత్తర్వు కాదు. అయితే ఈ అప్పు మీ కంపెనీయే కుదిర్చిన శాలరీ అడ్వాన్స్ అయి, జీతంలోంచి కోతకు మీరు ముందే సంతకం చేసి ఉంటే లెక్క వేరు.

డిక్రీ వచ్చినా జీతమంతా పోదు. అదే కోడ్‌లోని సెక్షన్ 60 ప్రకారం, భరణం కాని ఇతర డిక్రీలలో, జీతంలో మొదటి 1,000 రూపాయలనూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులనూ జప్తు చేయరాదు. మీ 28,000లో 1,000 తీసేస్తే మిగిలే 27,000లో 18,000 మీకు రక్షణ. కాబట్టి నెలకు గరిష్ఠంగా 9,000 మాత్రమే జప్తవుతుంది, 19,000 మీ చేతికి వస్తుంది. ప్రావిడెంట్ ఫండ్ సొమ్మును అసలే ముట్టుకోరాదు. ఒకే డిక్రీ కింద జప్తు మొత్తం 24 నెలలు సాగితే, ఆ డిక్రీ కోసం మళ్లీ జీతం జోలికి రాకూడదు; మీ బాకీకి అంతదూరం వెళ్లే అవసరం రాకపోవచ్చు. యాప్‌లో చదవకుండానే అంగీకారం నొక్కిన షరతుల్లో, ఈ రక్షణను వదులుకుంటున్నానని రాసి ఉన్నా భయపడనవసరం లేదు, ఎందుకంటే అటువంటి ఒప్పందం చెల్లదని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది జీతం జప్తు కాదు, మీరిచ్చి ఉండే ఈ-నాచ్ అనుమతి, అంటే వాయిదా సొమ్మును మీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా తీసుకునే అనుమతి. అప్పు తీర్చకపోవడం దానికదే నేరం కాకపోయినా, ఖాతాలో డబ్బు లేక ఆ చెల్లింపు బౌన్స్ అయితే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద, చెక్కు బౌన్స్ కేసు మాదిరిగానే, క్రిమినల్ ఫిర్యాదుకు అవకాశముంది. ఆ విషయమై చట్టబద్ధమైన నోటీసు అందితే 15 రోజుల్లోగా చెల్లించడమో, ఆలోగా న్యాయవాదిని కలవడమో తప్పనిసరి.

రెండో ప్రమాదం ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బదులు ఒక మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) వివాదాన్ని తేల్చడం. ఒప్పందంలో ఆ షరతు ఉంటే, ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డును (తీర్పును) కూడా కోర్టు డిక్రీలాగే అమలు చేయవచ్చు. అప్పిచ్చిన సంస్థే ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌ను నియమిస్తే అది చెల్లదని వాదించేందుకు 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు అండగా ఉంది. కానీ ఆ వాదన వినిపించాలంటే మీరు హాజరు కావాలి. ఏజెంటు ఫోన్లకు భయపడి, ఆర్బిట్రేటర్ నోటీసునూ కోర్టు సమన్లనూ మాత్రం పక్కన పడేసేవారిని ఎందరినో చూశాను. ఏకపక్ష డిక్రీలు వచ్చేది ఇక్కడే.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రికవరీ కోసం ఉదయం 8 గంటలకు ముందూ, సాయంత్రం 7 తర్వాతా ఫోన్ చేయకూడదు, మీ బంధుమిత్రులను వేధించకూడదు. కాల్ రికార్డులు, మెసేజ్‌లు భద్రపరచుకోండి. ఒప్పందంలో అప్పిచ్చినట్టు చూపిన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) లేదా బ్యాంకు పేరు చూసి, ఎంత చొప్పున కట్టగలరో ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ప్రతిపాదన పంపుతూ, వేధింపులపై ఫిర్యాదును కూడా జతచేయండి. 30 రోజుల్లో పరిష్కారం రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారిని) ఆశ్రయించవచ్చు. అసలు ఏ నమోదిత సంస్థ పేరూ కనిపించకపోతే, ఏజెంటుకు ఇక ఏ చెల్లింపూ చేయకుండా నేరుగా సైబర్ క్రైమ్ పోలీసులను కలవండి.